యూనివర్సిటీ హాస్టల్ గోడ మీద కులాన్ని తిడుతూ రాతలు కనిపిస్తే ఏం చేయాలి?

వీసీనో ఓ పార్టీనో ఎంత ఘాటుగా తిట్టినా అది విమర్శే. పుట్టుకనో మతాన్నో పట్టుకుని అందరినీ కించపరిస్తే ద్వేష ప్రచారం, జోకు ముసుగు వేసినా సరే.

సున్నం కొట్టేలోపే ఫొటోలు తీయండి: దగ్గరగా ఒకటి, గది నంబరు కనిపించేలా దూరం నుంచి ఇంకొకటి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తిప్పకండి, రాసినవాడికి కావలసింది అదే. వార్డెన్‌కు నోటిమాటగా చెబితే గోడ తెల్లబడుతుంది, ఫిర్యాదు మాయమవుతుంది. కాగితం మీద రాసిచ్చి, రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఎస్సీ, ఎస్టీలను అవమానించే రాతలైతే పోలీసులకూ ఇవ్వండి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. మతాల మధ్య చిచ్చుపెట్టేవైతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 196వ సెక్షన్ ఉంది.