చిన్న ఎస్‌యూవీ కొనబోతున్న అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బండి చిన్నదిగా ఉండాలనీ, ధర చేతికి అందేలా ఉండాలనీ, అయినా ఇంజన్‌లో మాత్రం దమ్ము తగ్గకూడదనీ రాశావు. ఈ మూడు కోరికలూ ఒకదానితో ఒకటి తగవుపడేవే గానీ, బొత్తిగా కుదరనివి కావు. నీవు పంపిన జాబితాలో బండ్లను హార్స్‌పవర్ వరుసలో పేర్చి, అన్నిటికంటే పైనున్నదాని కింద గీత గీశావు. నా పేచీ అంతా ఆ గీతతోనే. నేనూ ఒకప్పుడు అలాగే బ్రోషర్‌లో పెద్ద అంకె చూసి బండి కొన్నాను. ఒక్కడినే నడిపినన్నాళ్లూ అది బాగానే పరిగెత్తింది; ఇంటిల్లిపాదినీ సామానుతో సహా ఎక్కించుకుని కొండదారి పట్టిన రోజున మాత్రం, రెండో గేరులో రొప్పుతూ, ఏసీ ఆపితే గానీ ముందుకు కదలనని మొరాయించింది.

ఆ అంకె అబద్ధం కాదు. ఇంజన్ నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరుగుతున్నప్పుడు పుట్టే గరిష్ఠ శక్తి అది. మనం రోజూ బండి నడిపేది చాలావరకు పదిహేను వందలకూ మూడు వేలకూ మధ్యన. అక్కడ ఇంజన్‌కు లాగే బలం ఎంత ఉందో తెలియాలంటే టార్క్ ఎంతో చూడాలి, అంతకంటే ముఖ్యంగా ఆ టార్క్ ఏ ఆర్‌పీఎం (అంటే నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మొదలై ఎందాకా నిలుస్తుందో చూడాలి. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే ఆ క్షణాన ఇంజన్ ఇస్తున్న శక్తి కిలోవాట్లలో వస్తుంది; దాన్ని మళ్లీ 1.36తో గుణిస్తే బ్రోషర్లలో కనిపించే మెట్రిక్ హార్స్‌పవర్ అవుతుంది.

ఈ లెక్కను ఒకసారి వేసి చూడు. రెండు ఇంజన్లున్నాయనీ, రెండూ 115 హార్స్‌పవర్‌వేననీ అనుకుందాం. ఒకటి టర్బో (అదేమిటో కింద చెబుతాను) లేని ఒకటిన్నర లీటర్ల ఇంజన్. దాని గరిష్ఠ టార్క్ నాలుగు వేలు దాటాక గానీ అందదు, రెండు వేల దగ్గర 125 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకో. రెండోది టర్బో ఉన్న ఒక లీటరు ఇంజన్. 178 న్యూటన్ మీటర్లు రెండు వేలకు ముందే చేతికొస్తాయి. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర మొదటిది సుమారు 35 హార్స్‌పవర్, రెండోది సుమారు 50 హార్స్‌పవర్ ఇస్తున్నాయన్నమాట. కాగితం మీద కవలలుగా కనిపించిన రెండింటికీ, లారీని దాటవలసిన చోట ఇంత తేడా ఉంటుంది. మొదటిదాన్ని తక్కువ చేయడం లేదు. గేరు దించి ఇంజన్‌ను గట్టిగా తిప్పే అలవాటున్నవారికి అదీ పలుకుతుంది. నీ నడక అది కాదని నాకు తెలుసు గనుక చెబుతున్నాను.

టర్బో అంటే మాయ ఏమీ లేదు. బయటికి పోయే పొగ వేగంతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని సాయంతో ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని కుక్కుతారు. గాలి ఎక్కువైతే దానికి తగినంత ఇంధనం ఎక్కువ మండుతుంది. దీనివల్ల మరో లాభం ఎత్తు ప్రదేశాల్లో తెలుస్తుంది. సముద్ర మట్టం నుంచి వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి పలచబడి, మామూలు ఇంజన్ తన బలంలో రమారమి పదో వంతు కోల్పోతుంది. టర్బో ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. అయితే పొగ వేగం పుంజుకునే దాకా ఆ చక్రం జోరుగా తిరగదు. పదిహేను వందల లోపు ఆర్‌పీఎంలో కొన్ని చిన్న టర్బో ఇంజన్లు నీరసంగా ఉండి, ఆపైన ఒక్కసారిగా దూకుతాయి. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో ఈ స్వభావం విసుగు పుట్టిస్తుంది. ఏ బండికి ఇది ఎంత ఉందో నడిపితేనే తెలుస్తుంది.

తరువాత చూడవలసింది బరువు. 120 హార్స్‌పవర్ బండి ఖాళీగా 1200 కిలోలుంటే టన్నుకు వంద చొప్పున పడుతుంది. ఐదుగురూ సామానూ కలిపి 400 కిలోలు ఎక్కితే అది 75కు దిగిపోతుంది. బండి ఎంత చిన్నదైతే మనం ఎక్కించే లోడు దాని సొంత బరువులో అంత పెద్ద వాటా అవుతుంది గనుక, చిన్న ఎస్‌యూవీలోనే ఈ పట్టింపు ఎక్కువ. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు బురదలో, మంచులో అక్కరకొస్తుంది. నీవు తిరిగే తారు రోడ్ల మీద అది మోసే బరువే తప్ప మరొకటి కాదు.

మంచి ఇంజన్‌ను గేరుబాక్స్ పాడు చేయగలదు. ఇంజన్ శక్తిని ద్రవం ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ నెమ్మదస్తురాలు, నమ్మకస్తురాలు. రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ చురుకైనదే గానీ, నూనెలో మునగని డ్రై క్లచ్ ఉన్న రకం గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. గేర్ల మెట్లు లేని సీవీటీలో కుదుపు ఉండదు, కానీ గట్టిగా తొక్కితే ముందు మోత, తరువాత వేగం వస్తాయి. మాన్యువల్ గేరుబాక్స్‌లోనే క్లచ్‌నూ గేర్లనూ యంత్రం చేత మార్పించే ఏఎంటీ చవక, దమ్మున్న ఇంజన్ కోరేవాడికి మాత్రం గేరు మారేటప్పుడు అది పెట్టే విరామం మింగుడుపడదు. నీకు మాన్యువల్ నడపడం కష్టం కాకపోతే, అదే ఇంజన్ తక్కువ ధరకు దొరికే దారి అది.

డీజిల్ గురించి అడిగావు. లాగుడులో దానికి సాటి లేదు, కానీ ఆధునిక డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కొంతసేపు ఒకే వేగంతో వేడిగా సాగాలి. రోజుకు నాలుగైదు కిలోమీటర్లు తిరిగే నీకు ఆ ఫిల్టరు పూడుకుపోవడం ఖాయం. పెట్రోల్ చూసుకో.

ధర విషయంలో కంపెనీలు చేసే ఒక చమత్కారం ఉంది. ఒకే పేరున్న బండిలో తక్కువ ధర వేరియంట్లకు బలహీనమైన ఇంజన్, పై వేరియంట్లకు బలమైనది పెడతారు. ప్రకటనలో పైదాని శక్తినీ కిందిదాని ధరనూ పక్కపక్కనే వేస్తారు. కాబట్టి బలమైన ఇంజన్ ఉన్న వేరియంట్లలో అన్నిటికంటే చవకైనది ఏదో అడిగి తెలుసుకో. సన్‌రూఫ్, పెద్ద తెర, పెద్ద అలాయ్ చక్రాలు వదులుకోవడానికి సిద్ధపడితే చాలాసార్లు లెక్క కుదురుతుంది. పెద్ద చక్రాల టైర్లు ఖరీదు, గుంతల్లో కుదుపూ ఎక్కువే.

ఆదా చేయకూడనిది బ్రేకుల దగ్గర. బండిలోని గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళితే బ్రేకులు ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. ఎత్తైన బండి పక్కకు ఒరిగే గుణం కూడా ఎక్కువ. బండి జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేని వేరియంట్‌ను, ఎంత తగ్గించి ఇచ్చినా, తీసుకోవద్దు.

కొన్నాక టర్బోకు ఇంజన్ నూనే ప్రాణం. లక్షకు పైగా ఆర్‌పీఎంతో తిరిగే ఆ ఇరుసు పలచని నూనె పొర మీదే ఆధారపడి ఉంటుంది. కంపెనీ చెప్పిన గ్రేడు, చెప్పిన గడువు తప్పనివ్వకు. పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్‌ను నేలకంటా తొక్కే అలవాటు కూడా మానుకో. చిన్న టర్బో ఇంజన్లలో ఇంధనం సమయానికి ముందే అంటుకుని పిస్టన్ దెబ్బతినేది అక్కడే.

ఇక టెస్ట్ డ్రైవ్. షోరూం చుట్టూ ఒక చుట్టు తిప్పి తాళం తిరిగి ఇచ్చేయకు. ఏసీ పూర్తిగా వేసి, సీట్లన్నీ నింపి, ఏటవాలు మీద బండిని ఆపి మళ్లీ కదిలించి చూడు. తరువాత 60 నుంచి 100 దాకా ఎన్ని క్షణాల్లో చేరుతుందో పక్కన కూర్చున్నవారిని లెక్కపెట్టమను. ఓవర్‌టేక్‌లో పనికొచ్చే పికప్ అదే, సున్నా నుంచి వందకు చెప్పే అంకె కాదు. నీవు గీత గీసిన బండినీ, దాని కింద రెండో వరుసలో ఉన్నదాన్నీ ఒకే రోజు, ఒకే దారిలో నడుపు. రోజు ఖాయం చేసి ముందుగా చెప్పు. వెనుక సీట్లో బరువుకు నేనూ మీ పెద్దమ్మా వస్తాం.

ఇట్లు,
మీ పెదనాన్న