వనువాటు పార్లమెంటు: ఫిరాయింపుల చట్టం ఒక్కటే చాలదు

చిన్న ద్వీప దేశాల పార్లమెంట్లను బలపరచడం మీద వ్యాసం రాస్తున్నారా? ఫిరాయింపుల చట్టం తప్ప ఇంకేం రాయాలో తోచడం లేదా? పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటునే తీసుకోండి.

అక్కడి సభలో సభ్యులు 52 మందే. ఇద్దరు ముగ్గురు అటు దూకితే ప్రభుత్వం గోవిందా! 2023 ఒక్క ఏడాదిలోనే ముగ్గురు ప్రధానులు మారారు. 2015లో అయితే లంచాల కేసులో 14 మంది ఎంపీలు దోషులుగా తేలారు. అధ్యక్షుడు విదేశాల్లో ఉండగా ఆయన బాధ్యతలు చూస్తున్న స్పీకర్, తనతో సహా వాళ్లకు క్షమాభిక్ష పెట్టేశారు. తిరిగొచ్చాక అధ్యక్షుడు దాన్ని రద్దు చేశారు. ఈ ఉదాహరణ వదలొద్దు.

2024 మే 29న అక్కడ తొలిసారి రెఫరెండం (ప్రజలే నేరుగా ఓటేసి నిర్ణయించడం) జరిగి, కొత్త నియమాలు వచ్చాయి. పార్టీ మారితే సీటు పోతుంది, ఇండిపెండెంట్లు కూడా ఏదో ఒక పార్టీలో చేరాలి. మొదటిది మన రాజ్యాంగంలో ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూల్‌కి దగ్గరి నియమమే. అయినా అదే నవంబరులో మళ్లీ అవిశ్వాస తీర్మానం రావడం, సభ రద్దు కావడం జరిగాయి.

అంటే చట్టం దూకుళ్లను ఆపొచ్చేమోగానీ, బడ్జెట్ లెక్కలు చదివి నిలదీసే శక్తిని ఇవ్వదు. మీ వ్యాసంలో అసలు బరువు ఇక్కడ పెట్టండి. పసిఫిక్‌లోనే మరో చిన్న దేశం తువాలు సభలో 16 మందే. మంత్రులు పోగా, లెక్కలు పరిశీలించే కమిటీల్లో కూర్చునేదెవరు? అందుకే ఫిజీలో ‘ఫ్లోటింగ్ బడ్జెట్ ఆఫీస్’ పద్ధతి చూడండి. బడ్జెట్ సమయంలో పొరుగు దేశాల పార్లమెంటు సిబ్బంది వచ్చి, ఎంపీలకు అర్థమయ్యేలా విశ్లేషణ రాసిపెడతారు. పెళ్లింటికి చుట్టాలొచ్చి వంటలో చెయ్యేసినట్టన్నమాట.