స్కాన్ఎఫ్ రెండోసారి ఆగకుండా ఎందుకు దాటేస్తోంది?

సి భాషలో రాసిన మీ ప్రోగ్రామ్, కీబోర్డ్ నుంచి ఇన్‌పుట్ చదివే స్కాన్ఎఫ్ ఫంక్షన్‌లో ముందు అంకెలు చదివే పర్సెంట్ డి‌తో వయసు తీసుకుంటోంది, తర్వాత ఒక్క క్యారెక్టర్ చదివే పర్సెంట్ సి‌తో "మళ్ళీ చేయాలా? వై ఆర్ ఎన్" అని అడుగుతోంది. ఆ రెండో ప్రశ్న కనిపిస్తుంది కానీ మీరు ఏమీ నొక్కకముందే ప్రోగ్రామ్ ముగిసిపోతోంది, అంతే కదా? మీ లాజిక్‌లో, కంపైలర్‌లో తప్పేమీ లేదు. నేను చాలాకాలంగా జూనియర్లకు సి చెబుతున్నాను, ఈ డౌట్ ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది.

మీరు 21 కొట్టి ఎంటర్ నొక్కితే ప్రోగ్రామ్‌కు చేరేవి మూడు క్యారెక్టర్లు: 2, 1, ఎంటర్ తాలూకు న్యూలైన్. పర్సెంట్ డి అంకెలు ఉన్నంతవరకే తీసుకుంటుంది, న్యూలైన్ మాత్రం ఇంకా చదవని ఇన్‌పుట్ ఉండే బఫర్‌లోనే ఉండిపోతుంది. పర్సెంట్ సి‌కి ఏ క్యారెక్టరైనా ఒకటే. ఎదురుగా ఉన్న ఆ న్యూలైన్‌నే తీసుకుని ముందుకెళ్తుంది. ఆ వేరియబుల్‌ని పర్సెంట్ డి‌తో ప్రింట్ చేసి చూడండి, 10 వస్తుంది. న్యూలైన్ ఆస్కీ విలువ అదే. నేను ఎవరికైనా ముందు ఈ ప్రింటే చేయిస్తాను. ఆ 10 కళ్ళారా చూస్తే ఇక మర్చిపోరు.

ఇప్పటికిప్పుడు పని జరగాలంటే, కోట్స్ లోపల పర్సెంట్ సి‌కి ముందు ఒక స్పేస్ పెట్టండి. మిగిలిపోయిన న్యూలైన్లు, స్పేస్‌లు అన్నీ అది దాటేస్తుంది. ఎఫ్‌ఫ్లష్‌లో ఎస్‌టీడీఇన్ (కీబోర్డ్ ఇన్‌పుట్) ఇచ్చి బఫర్ ఖాళీ చేయమని ఎవరైనా చెబితే మాత్రం దయచేసి వినకండి. విండోస్‌లో కొన్ని కంపైలర్లతో అది పనిచేస్తుంది, కానీ సి స్టాండర్డ్‌లో ఎఫ్‌ఫ్లష్ ఉన్నది అవుట్‌పుట్ కోసం. ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రామ్ లినక్స్‌లో మొరాయిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

అసలు నా సలహా వేరే. పేరు అడిగినప్పుడు "సాయి కిరణ్" అని కొడితే ఒక్క పదాన్ని చదివే పర్సెంట్ ఎస్ "సాయి" దగ్గరే ఆగుతుంది. తర్వాత వయసు కోసం వచ్చిన పర్సెంట్ డి‌కి "కిరణ్" ఎదురవుతుంది, అంకె దొరకదు, స్కాన్ఎఫ్ 0 రిటర్న్ చేస్తుంది. ఆ అక్షరాలు బఫర్‌లోంచి కదలవు. అదే వైల్ లూప్‌లో ఉంటే తెర అంతా ఒకే ప్రశ్న ఆగకుండా పరుగెడుతుంది, కంట్రోల్ సి కొట్టాల్సిందే. అందుకే మొదటి నుంచీ ఎఫ్‌గెట్స్‌తో లైన్ మొత్తం చదివి, అందులోంచి, కీబోర్డ్ బదులు చదివిన లైన్ నుంచి తీసుకునే ఎస్‌స్కాన్ఎఫ్‌తో అంకె తీయడం అలవాటు చేసుకోండి. ఎస్‌స్కాన్ఎఫ్ 1 రిటర్న్ చేయకపోతే మళ్ళీ అడగండి. చెడ్డ ఇన్‌పుట్ ఆ లైన్‌తోనే పోతుంది.

లైన్ చదివే పాత ఫంక్షన్ గెట్స్ జోలికి మాత్రం పోవద్దు. అర్రే సైజు దానికి తెలియదు, ఎంత కొడితే అంతా రాసేస్తుంది. 1988లో మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్ యూనిక్స్ మెషీన్లలోకి చొరబడిన దారుల్లో ఇదొకటి. 2011 సి స్టాండర్డ్‌లో దాన్ని తీసేశారు కూడా. ఎఫ్‌గెట్స్‌కి 80 అని చెబితే 79 క్యారెక్టర్లకు మించి తీసుకోదు, చివర నల్ క్యారెక్టర్ (స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా) తనే పెడుతుంది. లైన్‌లోని న్యూలైన్‌ని కూడా అర్రేలో ఉంచేస్తుంది కాబట్టి, పేర్లు పోల్చే ముందు, ఒక క్యారెక్టర్ ఎక్కడుందో చెప్పే ఎస్‌టీఆర్‌సీస్పాన్‌తో దాని చోటు కనుక్కుని అక్కడ సున్నా పెట్టండి.