గర్భస్రావమైతే ఆరు వారాల వేతన సెలవు: ప్రొబేషన్‌లో ఉన్నా వర్తిస్తుందా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో నలభై మంది పనిచేసే ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో ఉన్నాను. జీతం నెలకు 34,000 రూపాయలు. 2025 మార్చిలో చేరాను. ఆగస్టు 11న, పంతొమ్మిదో వారంలో గర్భస్రావమైంది. బిడ్డ పుడితేనే మెటర్నిటీ లీవ్ ఉంటుందని, పైగా నేను ప్రొబేషన్‌లో ఉన్నానని హెచ్ఆర్ వారు చెప్పారు. రెండు వారాలకే విధుల్లో చేరాల్సి వచ్చింది. ఆ పద్నాలుగు రోజుల్లో నాలుగింటిని క్యాజువల్ లీవ్‌లో కోసి, పది రోజుల జీతం పట్టుకున్నారు. మా వారికి వాళ్ల ఆఫీసులో ఒక్క రోజు కూడా సెలవు ఇవ్వలేదు. మేం ఏమైనా అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. హెచ్ఆర్ వారు చెప్పిన రెండు కారణాలూ చట్టం ముందు నిలవవు.

మీకు గర్భస్రావమైన నాటికి అమల్లో ఉన్నది 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం. పది మంది, అంతకు మించి పనిచేసే దుకాణాలకూ సంస్థలకూ అది వర్తిస్తుంది. ఇరవై ఆరో వారం ముగిసేలోగా గర్భం పోతే దాన్ని గర్భస్రావంగా పరిగణించి, ఆ మరుసటి రోజు నుంచి ఆరు వారాల సెలవును ప్రసూతి ప్రయోజనపు రేటుతో, అంటే పూర్తి సగటు వేతనంతో ఇవ్వాలని ఆ చట్టంలోని 9వ సెక్షన్ చెబుతోంది. డాక్టర్లే వైద్యపరంగా గర్భాన్ని తొలగించాల్సి వచ్చినా ఇదే హక్కు. ఇరవై ఆరు వారాలు దాటాక బిడ్డ మృతశిశువుగా పుడితే దాన్ని ప్రసవంగానే లెక్కించాలి, ఎందుకంటే ఆ చట్టంలోని నిర్వచనం ప్రకారం మృతశిశువు కూడా శిశువే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఈ చట్టం స్థానాన్ని తీసుకున్నా, గర్భస్రావానికి ఆరు వారాల సెలవును అలాగే ఉంచింది. పాత చట్టం కింద మీకు అప్పటికే సంక్రమించిన హక్కు దాని రద్దుతో పోదు.

ప్రొబేషన్ అన్న మాటకు ఈ చట్టంలో విలువ లేదు. వేతనానికి పనిచేసే స్త్రీ నేరుగా చేరినా, ఏజెన్సీ ద్వారా వచ్చినా చట్టం పరిధిలోనే ఉంటుంది. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కార్మికురాళ్ల కేసులో 2000లో సుప్రీంకోర్టు దినకూలీ స్త్రీలకు కూడా ఈ ప్రయోజనాలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. ప్రసూతి ప్రయోజనానికి ముందటి పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలన్న నిబంధన ఒకటి ఉంది కానీ, మార్చి నుంచి పనిచేస్తున్న మీకు దానితో చిక్కు లేదు.

ఇక అందరూ పట్టించుకోకుండా వదిలేసే విషయం 4వ సెక్షన్. గర్భస్రావమైన తర్వాతి ఆరు వారాల్లో ఆ స్త్రీ చేత, విషయం తెలిసి కూడా, యజమాని పని చేయించకూడదు. అంటే ఇది యజమాని దయతో ఇచ్చే సెలవు కాదు, ఆయన మీద చట్టం పెట్టిన నిషేధం. అందుకే మీరు వాళ్లకు విషయం ఎప్పుడు, ఎలా తెలియజేశారన్నది ముఖ్యం. అప్పటి ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు ఏవున్నా చెరిపేయకండి.

రాబట్టుకోగలిగినది ఎంత అంటే, పట్టుకున్న పది రోజుల వేతనం, కోసిన నాలుగు క్యాజువల్ లీవులు. మిగిలిన నాలుగు వారాలు మీరు పనిచేసి జీతం తీసుకున్నారు కనుక ఆ రోజులకే మళ్లీ వేతనం అడగడం కష్టమని నా అభిప్రాయం. ఈ సెలవు గర్భస్రావం వెంటనే తీసుకోవలసినది కావడంతో తర్వాత వాడుకోవడమూ కుదరదు. గర్భస్రావం వల్ల అనారోగ్యం కొనసాగిందని డాక్టరు ధ్రువీకరిస్తే మాత్రం 10వ సెక్షన్ కింద అదనంగా ఒక నెల వరకు వేతన సెలవు ఉంది. లెక్క వేసేటప్పుడు ఆదివారాలను మినహాయిస్తామంటే ఒప్పుకోవద్దు. వారమంటే ఏడు రోజులూ కలిపి అని బి. షా కేసులో 1977లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ముందుగా డాక్టరు సర్టిఫికెట్ జతచేసి సంస్థకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, అందినట్టు సంతకం తీసుకోండి. గర్భస్రావమైందని, ఏ తేదీన అయిందని సర్టిఫికెట్‌లో ఉంటే చాలు. స్కానింగ్ రిపోర్టులన్నీ హెచ్ఆర్ బల్ల మీద పరచనక్కర్లేదు. స్పందన లేకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయండి. బకాయి చెల్లించమని ఆదేశించే అధికారాన్ని పాత చట్టం ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది, ఆయన ధ్రువపత్రం మీద కలెక్టరు భూమిశిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు. చెల్లించని యజమానికి ఆ చట్టంలో మూడు నెలల నుంచి ఏడాది వరకు జైలు శిక్ష కూడా ఉంది. ప్రాసిక్యూషన్‌కు, అంటే కోర్టులో కేసు వేయడానికి, గడువు ఒక్క ఏడాదే కనుక 2026 ఆగస్టు దాకా ఆగకండి.

నెలకు 21,000 రూపాయల లోపు వేతనంతో ఈఎస్ఐలో (ఉద్యోగుల రాజ్య బీమా పథకంలో) ఉన్నవారి దారి వేరు. వారికి ఆరు వారాల నగదు ప్రయోజనాన్ని చెల్లించేది సంస్థ కాదు, ఈఎస్ఐ కార్పొరేషన్. ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కో కాలం ఆరు నెలలు) కనీసం 70 రోజులకు చందా కట్టి ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు గర్భస్రావం కింద మొత్తం సర్వీసులో 45 రోజులు ఇస్తారు. మృతశిశువు పుట్టినా, పుట్టిన వెంటనే బిడ్డ చనిపోయినా 60 రోజుల ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2022 సెప్టెంబరులో ఉత్తర్వులొచ్చాయి.

ఆసుపత్రి ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ, సొంతంగా కొన్న ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావరకు గర్భస్రావం ఖర్చును మినహాయిస్తారు. మీ సంస్థ గ్రూప్ పాలసీలో ప్రసూతి కవరేజీ ఉందేమో చూడండి.

మీ వారి విషయంలో చట్టం లోటుగానే ఉంది. న్యూజిలాండ్ 2021లో ఇలాంటి సందర్భంలో భాగస్వామికి కూడా మూడు రోజుల వేతన సెలవు ఇచ్చింది. మన ప్రైవేటు రంగంలో తండ్రికి ప్రసవం అప్పుడే చట్టబద్ధమైన సెలవు లేదు, గర్భస్రావం మాట చెప్పేదేముంది. అయినా 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉద్యోగికి ఏటా పన్నెండు రోజుల వేతనంతో కూడిన క్యాజువల్ లీవ్‌ను, సహేతుకమైన ఏ కారణం మీదైనా తీసుకునేలా ఇస్తోంది. భార్య ఆసుపత్రిలో ఉండటం సహేతుకమైన కారణం కాదని ఏ అధికారీ అనలేడు. ఆ రోజులకు ఆయన జీతం కూడా కోసి ఉంటే, ఈ చట్టాన్ని చూపి ఆయన వేరుగా అర్జీ పెట్టుకోవాలి, మీ అర్జీతో కలపవద్దు.