రాత్రి రెండింటికి లెక్కలు వేయకు

చిట్టీ,

నీ ఉద్యోగం పోయిందని మీ అమ్మ చెప్పింది. ఫోన్ ఎత్తడం లేదని కూడా చెప్పింది. అందుకే ఉత్తరం. దీనికి వెంటనే జవాబివ్వక్కర్లేదు.

"ధైర్యంగా ఉండు" అని మాత్రం రాయను. నా వ్యాపారం మునిగినప్పుడు ఆ మాట అననివాళ్లు లేరు. ఎలా ఉండాలో ఒక్కరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో నాకు రాత్రి రెండింటికల్లా మెలకువ వచ్చేది. చీకట్లో పడుకుని అప్పులు లెక్కపెట్టేవాణ్ణి. ఒకే అప్పు మూడుసార్లు లెక్కలోకి వచ్చేది, రావలసిన డబ్బు మాత్రం ఒక్కసారీ గుర్తొచ్చేది కాదు. ఒక రాత్రి మీ అత్తయ్య విసుగొచ్చి లేచి, లైటు వేసి, ఓ పాత నోటుబుక్కు నా ఒళ్లో పడేసింది. "ఆ లెక్కలేవో ఇందులో రాసుకోండి, నన్ను పడుకోనివ్వండి" అంది. రాశాను. మొత్తం ఏడు పేర్లు. నా బుర్రలో నలభై మందిలా తిరిగారు! ఆ ఏడుగురిలో తొందరపెడుతున్నది ఇద్దరే. మిగతావాళ్లను పొద్దున్నే గడువు అడగొచ్చు. అప్పు వీసమెత్తు తగ్గలేదు గానీ ఆ రాత్రి నిద్రపట్టింది.

ఇలాంటి పనే జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు విద్యార్థుల చేత చేయించి 1986లో ఫలితాలు ప్రచురించాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను కుదిపేసిన సంగతి గురించి రాయాలి. జరిగిందీ, దాని బాధా రెండూ రాసినవాళ్లు రాసిన వెంటనే ఇంకా దిగులుపడ్డారట. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టర్ దగ్గరకు వెళ్లడం తగ్గింది. కాబట్టి నువ్వూ రాసి చూడు, మొదటిరోజు ఏడుపొచ్చిందని నోటుబుక్కు మూసెయ్యకు.

నేను చేసిన తప్పు ఇంకోటుంది. నలభై రోజులు ఎవరికీ చెప్పకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే బయల్దేరి పార్కులో కూర్చున్నాను. వ్యాపారం పోయిన బాధ కంటే ఆ నాటకమే నన్ను ఎక్కువ అలసగొట్టింది. నువ్వు ఒక్కరికైనా నిజం చెప్పు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు బృందం దశాబ్దాల పాటు గమనించింది. బాగా కష్టాల్లో పెరిగినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకు దొరికిన బలాల్లో ఒకటి, తమను పట్టించుకునే మనిషి ఒక్కరైనా ఉండటం. నీకు ఆ మనిషి నేనే కానక్కర్లేదు, ఏమీ అనుకోను. సలహాలిచ్చేవాళ్లను కాక వినేవాళ్లను ఎంచుకో. (ఇంత పెద్ద ఉత్తరం రాస్తూ ఈ మాటంటున్నాడేమిటని నవ్వుకో, పర్లేదు.)

లేచే టైము మార్చకు. రోజూ కాసేపు నడువు. పెద్ద నిర్ణయాలేవీ రాత్రిపూట తీసుకోకు. రెండు వారాలైనా నిద్ర, ఆకలి కుదుటపడకపోతే డాక్టర్‌ని కలువు. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఆ క్షణమే ఎవరినైనా నిద్రలేపు.

ఆదివారం సాయంత్రం వస్తాను. మాట్లాడాలనిపించకపోతే మాట్లాడకు, నేను పేపర్ తెచ్చుకుంటాను.

మావయ్య