రిసీవర్ వైపు నిలబడి చదవండి

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. డిజిటల్ కమ్యూనికేషన్స్‌లో బీపీఎస్‌కే, క్యూపీఎస్‌కే (తరంగం ఫేజ్‌ను, అంటే దశను, మార్చి బిట్లు పంపే పద్ధతులు) పాఠాలు బాగా నచ్చాయి. అవి పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరావని, ప్రోగ్రామింగ్ నేర్చుకోమని సీనియర్లు అంటున్నారు. ఈ రంగంలో ఉద్యోగం కావాలంటే ఎలా సిద్ధం కావాలి? - ఒక విద్యార్థిని

జవాబు: మీ సీనియర్లు చెప్పినదాంట్లో సగం నిజం. ప్రోగ్రామింగ్ నేర్చుకోవలసిందే. కానీ వారి చేతిలోని ఫోను అందుకునే జీపీఎస్ సంకేతంలో ఉన్నది బీపీఎస్‌కే. బ్లూటూత్‌లో సెకనుకు 3 మెగాబిట్ల వేగం అదే కుటుంబంలోని ఎనిమిది ఫేజ్‌ల 8డీపీఎస్‌కేతో వచ్చింది. ఉపగ్రహ టీవీ ప్రసారాలు క్యూపీఎస్‌కే, 8పీఎస్‌కేల మీద నడుస్తున్నాయి.

రెండు ఫేజ్‌లైతే సింబల్‌కు (ఒకసారి పంపే తరంగపు ముక్కకు) 1 బిట్, నాలుగైతే 2, ఎనిమిదైతే 3 అన్న పట్టిక అందరికీ వస్తుంది. నేనైతే విద్యార్థులను ఇంకోటి అడుగుతాను. బీపీఎస్‌కే నుంచి క్యూపీఎస్‌కేకు మారితే సింబల్‌కు బిట్లు రెట్టింపవుతాయి కదా, బిట్‌కు అదే శక్తి ఇచ్చినప్పుడు తప్పుల రేటు ఎందుకు పెరగదు? క్యూపీఎస్‌కే అంటే ఒకదానికొకటి అడ్డురాని సైన్, కొసైన్ తరంగాల మీద వెళ్లే రెండు బీపీఎస్‌కేలే కాబట్టి. 8పీఎస్‌కేలో ఆ సౌలభ్యం లేదు. ఫేజ్‌లను వలయం మీద చూపే చుక్కలు 45 డిగ్రీల దూరానికి దగ్గరపడతాయి, బిట్‌కు సుమారు 3.5 డెసిబెల్స్ అదనపు శక్తి కావాలి. ఈ వివరణ మీ సొంత మాటల్లో చెప్పగలిగితే పునాది ఉన్నట్టే.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. క్యారియర్ (బిట్లను మోసే తరంగం) ఫేజ్ రిసీవర్‌కు ముందే తెలుసని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో అనుకుని ముందుకు వెళ్లిపోతుంది. నిజానికి తెలియదు. రెండు వైపులా తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ల మధ్య పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్నా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది 2,400 హెర్ట్జ్ అవుతుంది. మీరు నోట్సులో చక్కగా గీసిన నాలుగు చుక్కలు సెకనుకు 2,400 చుట్లు తిరుగుతాయన్నమాట! వాటిని పట్టి నిలబెట్టడానికి జాన్ కాస్టాస్ 1956లో ప్రచురించిన లూప్ పద్ధతిని (ఫేజ్ తేడాను కొలుస్తూ, సరిదిద్దుకుంటూ పోయేది) నేటికీ వాడుతున్నారు. అదైనా బీపీఎస్‌కేలో 180 డిగ్రీలు తప్పి కుదురుకోవచ్చు. అప్పుడు సున్నాలన్నీ ఒకట్లవుతాయి. డిఫరెన్షియల్ కోడింగ్ (బిట్‌ను ఫేజ్‌లో కాక ఫేజ్ మార్పులో పంపడం) ఎందుకు పుట్టిందో అక్కడ అర్థమవుతుంది. మోడెమ్ ఫర్మ్‌వేర్, ఉపగ్రహ రిసీవర్లు, ఎఫ్‌పీజీఏ (కావలసినట్టు మలచుకోగల చిప్) డిజైన్ వంటి ఉద్యోగాల్లో రోజూ తలపడేది ఇలాంటి చిక్కులతోనే.

కాబట్టి ప్రోగ్రామింగా, కమ్యూనికేషన్సా అని ఎంచుకోనక్కరలేదు. పైథాన్‌లో బీపీఎస్‌కే సొంతంగా రాయండి. నాయిస్ కలపండి. బిట్ శక్తికీ నాయిస్‌కూ నిష్పత్తి 9.6 డెసిబెల్స్ దగ్గర లక్ష బిట్లకు ఒక తప్పు రావాలి. దాన్ని నమ్మకంగా చూడాలంటే కనీసం పది లక్షల బిట్లు పంపాలి. వెయ్యి బిట్లు పంపి 'తప్పులే లేవు' అని సంబరపడిన ప్రాజెక్టు రిపోర్టులు చాలా చూశాను. తర్వాత కావాలనే ఫ్రీక్వెన్సీ తేడా పెట్టి, కాస్టాస్ లూప్‌తో సరిదిద్దండి. అది కుదిరాక గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిజమైన సంకేతాన్ని పట్టి చూడండి. అమెచ్యూర్ రేడియోవారు టైపు చేసిన సందేశాలు పంపుకునే పీఎస్‌కే31 మంచి ఆరంభం. సెకనుకు 31.25 సింబల్సే కనుక రేడియో నుంచి వచ్చే ఆ శబ్దాన్ని అందుకోవడానికి కంప్యూటర్ సౌండ్ కార్డు చాలు.

ఒక సంగతి దాచను. ఈ రంగంలో ఖాళీలు సాఫ్ట్‌వేర్ అంత ఎక్కువగా ఉండవు, చాలా ఉద్యోగాలకు పీజీ అడుగుతారు. సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా మీకు భారంగా అనిపిస్తే ఇప్పుడే మరోసారి ఆలోచించుకోండి. లేదంటే ఈ సెలవుల్లోనే ఆ లూప్ రాయడం మొదలుపెట్టండి. పైథాన్‌లో నడిచాక సీ భాషలో, దశాంశాలు లేకుండా పూర్ణాంకాలతో మళ్లీ రాయండి. చిప్‌ల మీద ఎక్కువగా నడిచేది ఆ రూపమే.