బెంగళూరులో చిన్నపిల్లల బడిలో కూరగాయల తోట పెట్టాలంటే దేనితో మొదలుపెట్టాలి?

టమాటాతో మాత్రం వద్దు. అందరూ అదే చేస్తారు, మేమూ అదే చేశాం. నారు నాటి పండు కోసేసరికి రెండు నెలలు దాటుతుంది, ఎల్‌కేజీ పిల్లలకు అదొక యుగం. మెంతులు చల్లండి. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక, 25 రోజులకు అటూ ఇటుగా కోత. మా కన్నడ టీచరమ్మకైతే మెంత్య సొప్పు పేరు చెబితే చాలు, తనే వచ్చి నీళ్లు పోసేది.

2023 జూన్‌లో మా అబ్బాయి బడి వెనక గోడ పక్కన నలుగురు తల్లులం కలిసి నాలుగు మడులు చేశాం. ఒకదాంట్లో ముల్లంగి. రెండు వారాలయ్యాక రోజుకో మొక్క వాడిపోవడం మొదలైంది. నేను పురుగన్నాను, ఇంకొకావిడ ఎలుకంది, వేపపిండి కూడా వేశాం. చివరికి ఇంటర్వెల్‌లో కాపు కాస్తే దొరికింది దొంగ, మదనపల్లె వాళ్ల పాప, యూకేజీ. మొక్క పీకి, గడ్డ ఎంత లావయిందో చూసి, మళ్లీ పాతి, మట్టి అద్ది, తన సీసాలో నీళ్లు కూడా పోస్తోంది!

"ఏం చేస్తున్నావమ్మా?"

"పెరిగిందా లేదా చూస్తాండా ఆంటీ. రోజూ చూడమంటిరి గదా."

నిజమే, చెప్పింది నేనే. తిట్టడానికి నోరు రాలేదు. ఒక సాలు మొత్తం "పీకే సాలు" అని పిల్లలకు వదిలేశాం, మిగతావి బతికాయి. నలభై అయిదో రోజుకు చేతికొచ్చినవి ఎనిమిది. చక్రాలుగా తరిగి ఉప్పు చల్లి తలా ఒకటి పెడితే సగం మంది ఉమ్మేశారు, అది వేరే సంగతి.

అసలు పిల్లలతో ఇబ్బందేం లేదండీ, పెద్దవాళ్లతోనే. బడివాళ్లకు ముందు ఫ్లెక్సీ కావాలి, టైర్లకు రంగులు కావాలి. మా మడి కన్నా దాని బోర్డే పెద్దది. వాట్సాప్ గ్రూపులో యూనిఫాంకు మట్టి అంటిందని గోల. మట్టిలో ఆడకపోతే ఇంకెక్కడ ఆడతారు, మాల్‌లోనా? వానాకాలంలో వచ్చే పెద్ద నత్తల్ని మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, వాటితో జబ్బులొస్తాయి. పొద్దున్నే గ్లవ్స్ వేసుకుని మీరే ఏరేయండి.

సెలవుల్లో నీళ్లెవరు పోస్తారని టెన్షన్ పడొద్దు, ఫిబ్రవరికల్లా మడులు ఖాళీ చేసి మళ్లీ జూన్‌లో చల్లుకోండి. మేం అలా చేయలేదు. 2024 మార్చిలో ఊళ్లో బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం కొట్టుకుంటుంటే, నేను వెళ్లి వంకాయ మొక్కలకు రెండు బకెట్లు ఇప్పించమని వాచ్‌మన్‌ను అడిగాను. అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.